పంపు మనిషిని ఇచ్చి పొడుగు మనిషిని తెచ్చిన ముచ్చట

అక్కకు, తమ్ముడు గంగాధర్ దండం పెట్టి రాస్తున్నది.

నేను బాగున్నాను. నువ్వు, బావ, చిన్నది, అవ్వ అందరూ బాగున్నారనే అనుకుంటున్నాను. అవ్వ మోకాలికి నూనె రాస్తున్నావా? బావ ఈసారి కూడా పసుపే వేశాడా, వరి మీదికి పోయాడా? ఈ గల్ఫ్ ఎండ మన బోధన్ ఎండ లెక్క కాదు. పొద్దున ఎనిమిదింటికే రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అయినా నాకేమీ కాలేదు. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను. నా గురించి రంది పెట్టుకోకు.

రోజూ ఫోన్ చేస్తూ మళ్ళీ ఈ ఉత్తరం ఏంది అని నవ్వుతావు. ఇక్కడ గదిలో ఎనిమిది మందిమి, అక్కడ నీ ఫోన్‌కు అవ్వ చెవి ఆనించి ఉంటుంది. ఈ సంగతి ఫోన్‌లో చెప్పబోతే రెండుసార్లు నోరు పెగల్లేదు. చదివినాక నా మీద నీకు రోత పుడితే పుట్టనీ. నాకు పుట్టింది కాబట్టే రాస్తున్నాను.

సాయన్న పేరు నీకు తెలుసు. పోచంపాడ్ ఆయన, చేపలు పట్టే ఇంటి మనిషి, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మా సముద్రం పక్క క్యాంపులో నీళ్ళ పంపులు చూసేవాడు. నేను స్టోర్‌లో చల్లగా కూర్చుని నట్లు, బోల్టులు ఇచ్చేవాణ్ణి. నన్ను ‘తమ్మీ’ అనేవాడు. శుక్రవారం పొద్దున్నే చేపల మార్కెట్‌కు పోయి ఏరి ఏరి తెచ్చి, తానే కడిగి, తానే వండి, జొన్నరొట్టె కొట్టి నన్ను పిలిచేవాడు. పదకొండు నెలలు ఒక్క పళ్ళెంలో తిన్నాం. నేను ఒళ్ళు చేసింది ఆ రొట్టెలతోనే, నువ్వు వీడియోలో చూసి మెచ్చుకున్నావు కూడా.

వాళ్ళ నాయన పోయిన ఏడాది చనిపోయాడు. సాయన్న ఒక్కడే కొడుకు. అప్పుడు పోలేకపోయాడు, అంతా ఫోన్‌లోనే చూశాడు. ఏడాది కార్యానికైనా గోదావరిలో నిలబడి తన చేత్తో నీళ్ళు వదలాలని లీవు పెట్టుకున్నాడు. మంజూరు అయింది, టికెట్ కూడా వచ్చింది. నీకు ఒక ఉత్తరం ఆయన చేతికే ఇచ్చి పంపాలని నేననుకోవడం, ‘బోధన్ పోయి మీ అక్క చేతికే ఇస్త’ అని ఆయన మాట ఇవ్వడం, అన్నీ నెల కిందే అయిపోయినాయి.

ఇక నా ఘనత విను. నువ్వు నేర్పిన బాస్కెట్‌బాల్ ఇక్కడ నాకు పెద్ద పేరు తెచ్చింది. మా క్యాంపులో ఫిలిప్పీన్స్ వాళ్ళు ఎక్కువ, వాళ్ళకు ఆ ఆటంటే ప్రాణం. ఇండియా వాళ్ళలో ఆ ఆట తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అమెరికా లీగ్‌లో కొత్త ఆటగాళ్ళను జట్లు వరుస నంబర్ల ప్రకారం ఏరుకుంటాయి, దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఉన్నవాళ్ళను ఒక జట్టు ఇంకో జట్టుతో మార్చుకుంటే అది ట్రేడ్. ఆ రోజులు వస్తున్నాయంటే మెస్‌లో ఇంకో ముచ్చట ఉండదు. మొదటి నంబర్ ఎవరికి, రెండోవాడు ఎటు పోతాడు, ఎవణ్ణి ఇచ్చి ఎవణ్ణి తెస్తారు, అన్నం చల్లారిపోయేదాకా అదే. వాడి మోకాలు పోయింది, వదిలించుకోవాలె. వీడికి ముప్పై దాటినయి, ఎవడు తీసుకుంటడు? ఇద్దరిని పడేసి ఒక్కణ్ణి తెచ్చుకుంటే లాభం. అంగట్లో ఎద్దు నోరు తెరిచి పండ్లు చూసినట్లే మాట్లాడేవాళ్ళం. మాట్లాడేవాళ్ళు అనడం లేదు చూడు, నేను కూడా అందులో ఉన్నాను. అందరికంటే ఎక్కువ మాట్లాడింది నేనే.

మన ఫ్యాక్టరీ క్వార్టర్స్ దగ్గర సిమెంట్ కోర్టులో జట్లు ఎట్లా పంచుకునేవాళ్ళమో యాదికి ఉందా? ఇద్దరిద్దరు భుజాల మీద చేతులు వేసుకుని దూరం పోయి, చెవిలో పేర్లు పెట్టుకుని వచ్చి, ‘చెరుకుగడ కావాల్నా, బెల్లంముద్ద కావాల్నా?’ అని అడిగేవాళ్ళు. ఏది అడిగితే ఎవడొస్తాడో నాయకునికే తెలియదు. ఉరకరానివాడు కూడా ఎవరికో ఒకరికి బెల్లంముద్దయి పోయేవాడు. ‘నువ్వు వద్దు’ అని ఎవడి మొహం మీదా ఎవడూ అనేవాడు కాదు. ఆ కోర్టులో ఆడినవాణ్ణి ఇక్కడికొచ్చి ఇట్లా తయారైనాను.

మా కంపెనీకి ఇక్కడ మూడు క్యాంపులు. ఏటా వాటి మధ్య పోటీ పెడతారు. గెలిచిన క్యాంపు బాస్‌కు పై ఆఫీసర్ల దగ్గర గొప్ప, అందుకని వాళ్ళు లోపల లోపల మనుషులను మార్చుకుంటారు. కాగితం మీద పని అవసరమని రాస్తారు, అసలు కారణం బాలు. ఈసారి కొత్తవాళ్ళను తెచ్చిన బస్సులో నుంచి ఒకాయన దిగాడు. ఆఫ్రికా ఆయన, తలుపు దగ్గర నడుం వంచి దిగాడు, అంత పొడుగు. ఆయన్ని ఎడారి క్యాంపుకు వేశారు. అది మా సముద్రం పక్క క్యాంపుకు నాలుగు గంటల దూరం, పంపులు తప్ప ఇంకేమీ లేని చోటు. మా జట్టు నడిపే ఫోర్‌మన్ రోడెల్‌కు ఆ పొడుగాయన్ని చూసినప్పటి నుంచి అన్నం సయించలేదు.

పది రోజులు మెస్‌లో అదే చర్చ. ఎవరిని ఇస్తే ఆయన వస్తాడు? చివరికి రోడెల్ నన్ను లేపి నిలబెట్టి, “గంగా, నువ్వు చెప్పు. నీ బుర్ర మంచిగ పనిచేస్తది” అని వచ్చీరాని హిందీలో అన్నాడు. నలభై మంది నా మొహం చూస్తున్నారు. పొంగిపోయాను అక్కా. కూర పేర్లు రాసే బోర్డు తుడిచి లెక్కల మాస్టరు లెక్క రాశాను. ఎడారి క్యాంపుకు పంపు మనిషి కావాలి, మనకు పొడుగు మనిషి కావాలి, కాబట్టి ఒక పంపు మనిషిని ఇవ్వండి అన్నాను. మనకు నలుగురున్నారు, ఏ పంపు మనిషిని అని రోడెల్ అడిగాడు. నేను నవ్వి, “ఎవనికి లీవు దగ్గర పడ్డదో వాణ్ణి. ఎట్లాగు పదిహేను రోజుల్లో పోయేవాడే, మనకేం నష్టం?” అన్నాను. అమెరికా జట్లు అట్లాగే చేస్తాయి, ఒప్పందం గడువు అయిపోతున్నవాణ్ణే ముందు ఇచ్చేస్తాయి. ఆ తెలివి నాకు ఉందని చూపించుకోవాలి కదా! అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో నా ముందు పాయసం కప్పు పెడితే తిన్నాను కూడా.

ఆ మాట అన్నప్పుడు సాయన్న నాకు యాదికి రాలేదు. ప్రమాణంగా రాలేదు. ఆయన అప్పుడు గదిలో చేప కడుగుతున్నాడు. కానీ యాదికి రాకపోవడం ఇంకా రోత కాదా? నలుగురు పంపు మనుషుల్లో లీవు దగ్గర పడినవాడు ఒక్కడే, ఆ ఒక్కడి పళ్ళెంలోనే నేను తింటున్నాను. నా నోటికి ‘పంపు మనిషి’ అని వచ్చింది గాని ‘సాయన్న’ అని రాలేదు.

రెండు రోజులకు నోటీసు బోర్డు మీద, ఎడారి క్యాంపుకు పోవాలని సాయన్న నంబరు పడింది. పొద్దున బస్సుకు సంచులతో నిలబడి, “ఏం గాదు తమ్మీ, పంపు ఏడనైన పంపే గద. ఆన్నించే లీవుకు పోత. ఉత్తరం రాసి పెట్టు, బయలెల్లంగ తీస్కుంట” అన్నాడు. నేను ఆయన సంచి పట్టుకుని బస్సు దాకా పోయాను. చెప్పలేదు. ఛీ, ఎంత పిరికివాణ్ణో చూడు.

మరుసటి రోజు ఫోన్ చేశాడు. “తమ్మీ, ఈడి బాసు లీవు లేదంటుండు. నువ్వు నిన్ననే వచ్చినవు, ఇంకొక పంపు మనిషి వస్తేనే నిన్ను ఇడుస్త అంటుండు. మా నాయన తిథి దాటిపోతది గదరా” అన్నాడు. ఏడ్వలేదు, కానీ గొంతు వేరే ఎవరిదో అనిపించింది.

ఆ సాయంత్రమే పొడుగాయన్ని కోర్టులోకి దించారు. నలభై మంది చుట్టూ నిలబడి అరుస్తున్నారు. రోడెల్ బాలు విసిరితే అది ఆయన ఛాతీకి తగిలి కింద పడింది. మళ్ళీ విసిరితే మళ్ళీ పడింది. ఆయన నవ్వుతూ, “నేను ఎన్నడూ ఆడలేదు. మా ఊళ్ళో చర్చిలో పాటలు పాడతాను” అన్నాడు. మరి ముందే చెప్పొచ్చు కదా అని రోడెల్ కోపం చేస్తే, “నన్ను ఎవరూ అడగలేదు” అన్నాడు. నిజమే. పది రోజులు ఆయన గురించి మాట్లాడిన ఒక్కడూ ఆయనతో మాట్లాడలేదు.

అప్పుడైనా సిగ్గు పడాలా వద్దా? రాత్రి అన్నం దగ్గర మళ్ళీ మొదలు. ఈ పొడుగు మొద్దును ఎవరికి అంటగడదాం, మూడో క్యాంపులో వంటాయన మంచిగ ఆడుతాడట, ఆయన్ని తెద్దామా, ఇంకొకణ్ణి కలిపి ఇద్దామా! పొడుగాయన మా వెనక బల్ల మీదే కూర్చుని తింటున్నాడు. రోడెల్ బోర్డు తుడిచి మార్కర్ నా చేతిలో పెట్టి, “నువ్వు చెప్పు గంగా” అన్నాడు. థూ, మీ బతుకులు పాడుగాను అని తెలుగులోనే తిట్టి, మార్కర్ పప్పు గిన్నెలో పడేసి లేచి వచ్చాను. వాళ్ళకు అర్థం కాలేదు. తిట్టాల్సింది కూడా వాళ్ళను కాదు.

తెల్లారి క్యాంపు బాస్ దగ్గరికి పోయాను. బోధన్‌లో ఆరేళ్ళు మోటార్ల వైండింగ్ చేసిన, పంపు పని నాకు వస్తది, సాయన్న బదులు నన్ను పంపు అని అడిగాను. స్టోర్ వదిలి ఎడారికి పోతానని అడిగినవాణ్ణి ఆయన ఇంతవరకు చూడలేదట. నాలుగు రోజులు తిప్పుకుని సంతకం పెట్టాడు. రోడెల్ మాత్రం బస్సు దాకా వచ్చి, “ఇట్లాంటి ట్రేడ్ ఎవడన్న చేస్తడా? నువ్వు పోయి, నీ బదులు ఎవడూ రాక! మాకు రెండు దిక్కులా నష్టం” అన్నాడు. పాపం, ఆయన బాధ ఆయనది.

నిన్న ఈ ఎడారి క్యాంపుకు వచ్చాను. సాయన్న గేటు దగ్గర ఎదురొచ్చి, సంతోషం పట్టలేక నా రెండు చేతులు పట్టుకున్నాడు. “నా బదులు ఎవల్నో పంపుతున్నరన్నరు తమ్మీ, ఎవలు?” అని అడిగాడు. నేనే అన్నాను. “నువ్వా? మా నాయన కోసం వచ్చినవా?” అని కళ్ళల్లో నీళ్ళు తెచ్చుకున్నాడు. దేవుణ్ణి చూసినట్లు చూస్తున్నాడు అక్కా. ఆ చూపు నేను ఓర్చుకోలేకపోయాను.

ఈ రోజు మధ్యాహ్నం రొట్టె కొడుతుంటే చెప్పేశాను. బోర్డు, చప్పట్లు, పాయసం, ఏదీ దాచలేదు. సాయన్న చెయ్యి ఆగింది. పెనం మీద రొట్టె మాడుతున్నా తియ్యలేదు.

“గా మాట అన్నది నువ్వేనా?” అన్నాడు.

“అవును సాయన్నా. అప్పుడు నువ్వు యాదికి రాలే.”

“గా మాట నా చెవిల గూడ పడ్డది, ఎవలో ఫిలిప్పీనాయన అన్నడనుకున్న. ఆయనకు మా నాయన ఎవలో ఎర్కలేదు, తిథి ఎర్కలేదు, ఏదో అన్నడు అనుకున్న. నీకు అన్ని ఎర్కనే గద గంగాధర్.”

తమ్మీ అనలేదు. పదకొండు నెలల్లో మొదటిసారి నా పేరు పెట్టి పిలిచాడు.

ఇంకేమీ తిట్టలేదు. తిడితే బాగుండేది. పళ్ళెంలో రొట్టె పెట్టి నా ముందుకు తోశాడు, తాను మాత్రం బయటికి పోయి నిలబడి తిన్నాడు. ఉత్తరం పోస్టులో వేసుకుంటానని నేనంటే, “మాట ఇచ్చిన, తీస్కపోత. మీ అక్క చేతిల పెడత. గని గడప కాడ నిలవడి ఇచ్చి మర్లుత. మీ ఇంట్ల నీళ్ళు గూడ ముట్ట” అన్నాడు.

రేపు పొద్దున బస్సు. ఆయన అవతల సంచి కట్టుకుంటున్నాడు, నేను ఇవతల ఇది రాస్తున్నాను. కవరు అంటించలేదు. దారిలో చదువుకోవాలనిపిస్తే చదువుకోనీ, అబద్ధం ఒక్కటీ రాయలేదు. ఈసారి ఎల్లిపాయ కారం, జొన్నపిండి ఏమీ పంపకు. ఆయన తిరిగి వచ్చేటప్పుడు నా మూట మోయమని అడిగే మొహం నాకు లేదు.

అవ్వకు, బావకు నా దండాలు చెప్పు. చిన్నదాన్ని అడిగానని చెప్పు. ఇక్కడ పని కష్టమేమీ కాదు, ఇసుక గాలి తప్ప అంతా బాగానే ఉంది, నువ్వు మనసు కష్టపెట్టుకోకు. దీవించమని అడగడానికి సిగ్గుగానే ఉంది, అయినా పెద్దదానివి, నువ్వు కాకపోతే నన్ను ఎవరు దీవిస్తారు?

కవరు మీద నీ పేరు కింద ‘ముందు మనిషికి నీళ్ళియ్యి, తర్వాత చదువు’ అని ఎందుకు రాశానో ఇప్పుడు తెలిసింది కదా. ఆయన ఇంకా గడప దగ్గరే ఉంటే మంచిది. నా తరఫున ఒక్క మాటా మాట్లాడకు, చెంబు పట్టుకుని ఎదురుగా నిలబడు, చాలు. ఎండలో అన్ని బస్సులు మారి వచ్చిన మనిషి. వెళ్ళిపోయి ఉంటే మాత్రం ఇక్కడితో చదవడం ఆపి ఉరుకు అక్కా. కోర్టులో నిన్ను అందుకున్నవాళ్ళు లేరు, బస్టాండ్ ఎంత దూరం? బస్సు కదిలేలోపల అందుకో. తాగితే నాకు ఫోన్ చేసి ‘తాగిండు’ అని ఒక్క మాట చెప్పు. తాగకపోతే చెయ్యకు, నాకు తెలిసిపోతుంది.

నీ తమ్ముడు,
గంగాధర్