మంట ఆరితే మూసుకునే గ్యాస్

శ్రీనూ,

రేపు నీ తద్దినం. ఈ రోజు మెట్టుగూడలో మన టిఫిన్ సెంటర్‌కి కొత్త ఇడ్లీ స్టీమర్ వచ్చింది. ఉన్నది చాలన్నాను, నీ కూతురు లావణ్య వినలేదు. నువ్వు పోయాక ఆ వంటగదిలో పొయ్యి వెలిగించే పని నేనెవరికీ ఇవ్వలేదు, నీ భార్యకి కూడా. వెనక తలుపు తీసి, వాసన చూసి, నేనే అగ్గిపుల్ల గీసేదాన్ని. ఈ స్టీమర్‌కి అగ్గిపుల్లే అక్కర్లేదు, మీట నొక్కితే చాలు.

బిగించడానికి వచ్చిన మెకానిక్ మంట వెలిగించి, అట్టముక్కతో విసిరి ఆర్పేశాడు. నేను గబగబా వెళ్లి వెనక తలుపు తీశాను. కాసేపటికి లోపల టక్కుమంది.

"గ్యాస్ బందయింది అమ్మా. మంట పక్కన ఈ సన్న కడ్డీ సూడు, ఇది సల్లబడితే వాల్వ్ అదే మూసుకుంటది."

నువ్వు పోయిన రోజు గాలికి పొయ్యి మంట ఆరిపోయింది. గదిలో గ్యాస్ నిండిందని తెలియక నువ్వు మళ్లీ పుల్ల గీశావు.

"దీన్ని ఈ మధ్యే కనిపెట్టారా బాబూ?" అని అడిగాను.

"కొత్తదేం గాదమ్మా. పెద్ద హోటళ్లల్ల ఎన్నడి సంది ఉన్నది."

లావణ్య తల దించుకుంది.

"మళ్లీ ఆర్పి చూపించు," అన్నాను. ఆర్పాడు. టక్కుమంది.

"ఇంకోసారి."

"ఏందమ్మా, నమ్మకం అయితలేదా?" అని నవ్వాడు.

"చాల్లే నానమ్మా," అంటూ లావణ్య నా చెయ్యి పట్టుకుంది.

అయినా ఇంకోసారి ఆర్పమన్నాను.

అమ్మ