పైకెక్కించిన నీళ్లు

నాంపల్లి,
ఆదివారం.

చిరంజీవి శ్రీవిద్యకు నాన్న దీవెనలు.

ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసాగానే ఉన్నాం. ఆ కొండల మీద నువ్వూ వేళకు తింటూ ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను. బీపీ గోళీలు వేసుకుంటున్నానా అని అడిగావు. వేసుకుంటున్నాను. అమ్మ మోకాలి నొప్పి చాలావరకు తగ్గింది. మొన్న అబిడ్స్ దాకా నడిచి వెళ్లి నీకు రెండు కాటన్ చున్నీలు తెచ్చింది.

"ఫోన్ చేసినప్పుడల్లా నా పని గురించే ఎందుకు అడుగుతున్నావు నాన్నా?" అని కూడా రాశావు. ఆ సంగతికే వస్తున్నాను.

పగలు ఎండ కరెంటు మిగిలినప్పుడు దాంతో కింది చెరువు నీళ్లను కొండమీది చెరువుకు ఎక్కిస్తామనీ, పొద్దుగూకాక కిందికి వదిలి మళ్లీ కరెంటు తీస్తామనీ నువ్వు చెబితే నాకు సగమే అర్థమైంది. స్కూలు ల్యాబులో ముప్పై ఏళ్లు పిల్లలకు పరికరాలు అందించినవాణ్ణి, కన్నకూతురు చేసే పని తెలియకపోతే ఎలా అనుకున్నాను. మన డాబా మీద సోలార్ పలక ఉంది, వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంది, నాలుగంతస్తుల కింద సంపు ఉంది. కోఠి అంతా తిరిగి అరచేతంత టర్బైన్ ఒకటి పట్టుకొచ్చాను.

పైపు బిగించడానికి వచ్చిన ప్లంబర్ వెంకటేశ్వర్లు నన్ను అనుమానంగా చూశాడు.

"ఏంది సార్, ఎక్కించిన నీళ్లు మల్ల సంపులకే ఇడుస్తరా? గట్లయితే పైకెందుకు ఎక్కించినట్టు?"

"కరెంటు దాచుకోవడానికయ్యా."

"నీళ్లల్ల కరెంటు దాస్తరా? జర పైలం సార్!"

పగలు ఎండ కరెంటుతో సంపు నీళ్లు ట్యాంకులోకి ఎక్కించి, సాయంత్రం వాల్వు తిప్పాను. ఐదు వాట్ల బల్బు వెలిగింది! వెంకటేశ్వర్లు ఇంటికి పోవడం మానేసి సంచి కింద పెట్టి కూర్చున్నాడు. ఇద్దరం గడియారం చూస్తూ ఉన్నాం. రెండు గంటల నలభై నిమిషాలకు ట్యాంకు ఖాళీ. లెక్కేస్తే, మన ఇంట్లో ఒక్కరోజు వాడకానికి అలాంటి ట్యాంకులు మూడు వందలు కావాలి. నాకు నవ్వొచ్చింది గానీ నిరాశ కలగలేదు. మీకు కొండే ఎందుకు కావాలో, అన్ని నీళ్లెందుకో అప్పుడు తెలిసింది. ఎత్తు పదింతలైతే అవే నీళ్లు పదింతలు పనిచేస్తాయి కదా? ఎక్కించడానికి ఖర్చయిన కరెంటులో మీకెంత తిరిగొస్తుంది? పైచెరువు ఎండకు ఇగిరిపోదా? టర్బైనే వెనక్కి తిరిగి పంపు అవుతుందన్నావు, ఎలా? అన్నీ వివరంగా రాయి.

తల్లీ, ఫోన్‌లో చెప్పలేక దాచుకున్న మాట ఒకటుంది. మూడేళ్ల కింద నువ్వు ఫోన్ ఇంట్లో మరిచి, కాచిగూడలో నీ స్నేహితురాలు స్నేహలత ఇంటికి వెళ్లిన రోజు, మీ కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. ఉద్యోగం నీకే వచ్చిందనీ, వారంలో చేరాలనీ చెప్పారు. "మా అమ్మాయికి ఇష్టం లేదు" అని చెప్పి నేనే ఫోన్ పెట్టేశాను. ఆ కాల్ నీకు కనబడకుండా చెరిపేశాను కూడా. కొండల్లో ఒక్కదానివి ఎలా ఉంటావోనని భయపడ్డాను. నువ్వు ఎంపిక కాలేదనుకొని వారం రోజులు సరిగ్గా అన్నం ముట్టలేదు. రెండేళ్లు ట్యూషన్లు చెప్పుకుని, మళ్లీ పరీక్ష రాసి చేరావు. ఆ రెండేళ్లూ నీ నుంచి లాక్కున్నది నేనే.

నిన్న అమ్మకు చెప్పాను. ఒలుస్తున్న చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. "నాకు చెప్తే ఏమొస్తది? బిడ్డకు చెప్పుండ్రి" అంది.

నీకు కోపం రావడం న్యాయమే. దాన్ని తగ్గించుకోమని అడగను. నేను వద్దన్న ఆ చోటును ఒక్కసారి చూడాలని మాత్రం ఉంది. నువ్వు హెల్మెట్ పెట్టుకుని పదిమందికి పని చెబుతుంటే దూరంగా నిలబడి చూస్తాను. రమ్మంటే వస్తాను. వద్దంటే, ఎందుకని అడగను.

ఇట్లు,
నీ నాన్న
శ్యామ్‌సుందర్