అభ్యంతరాల గడువు

శ్రీవారికి,

ఇక్కడ నేనూ, పాపా, మీ చెల్లెలూ, నా కుట్టు మిషనూ కులాసా. మీరూ, మీ ఓడ వంటింట్లో పొయ్యీ అలాగే ఉంటారని తలుస్తాను. ఫోన్లో చెప్పబోతే మీరు మధ్యలో నవ్వేసి మాట మార్చేస్తారు. అందుకే ఓడ ఆగే రేవుకు ఉత్తరం రాస్తున్నాను.

పాప పొడుగైంది. దాని గౌనుల అంచులన్నీ విప్పి మళ్లీ కుట్టాను. నాన్న ఎంత ఎత్తుంటాడని మొన్న అడిగింది. మీ పాత కొలతలు చూసి చెప్పాల్సి వచ్చింది.

మీరు పంపితే ఇదివరకు చేరడానికి పొద్దంతా పట్టిన డబ్బు ఇప్పుడు చిటికెలో ఎలా చేరుతోంది, ఇందులో మోసం లేదు కదా అని అడిగారు. మీ చెల్లెలు కంప్యూటర్ల మధ్య పుట్టినట్టే మాట్లాడుతుంది కదా, విసుక్కుంటున్నా వదలకుండా చెప్పించుకున్నాను. మీరు పంపే ఈ క్రిప్టో నాణేల లెక్కంతా ఒకే పుస్తకంలో ఉంటుందట. ఎవరు ఎవరికి పంపినా, ఆ పుస్తకం ఉన్న ప్రతి కంప్యూటరూ సరిచూసి రాసుకోవాలి. పేజీలో పట్టేది కొంతే. జనం ఎగబడ్డ రోజున ఎక్కువ రుసుము ఇచ్చినవాళ్లదే ముందు ఎక్కుతుంది. అప్పట్లో మన దగ్గర అంత రుసుము ముక్కు పిండి వసూలు చేసింది అందుకే. పేజీ పెద్దది చేసుకోవచ్చు కదా అన్నాను.

"చేస్తే ఇళ్లల్లో ఉండే చిన్న కంప్యూటర్లు అంత బరువు మోయలేవు వదినా. పుస్తకం నలుగురు పెద్దవాళ్ల చేతుల్లోకి పోతుంది," అంది.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. అందుకని కొందరు ప్రతి చిన్న లెక్కనూ పుస్తకం దాకా తీసుకెళ్లడం మానేశారు. మీరు సెలవుకొచ్చినప్పుడు మనిద్దరి పేరిట కొంత సొమ్ము కట్టేశామే, అదే ఇది. పుస్తకంలోకి ఎక్కేవి ఆ మొదలూ, చివరి లెక్కా మాత్రమే. మధ్యలో మీరు నావైపు ఎన్నిసార్లు జరిపినా మనిద్దరి సంతకాలు చాలు. నా కుట్టు కొట్టుకొచ్చే పంతులమ్మ గుండీ కుట్టించుకున్న ప్రతిసారీ చిల్లర తీయదు, నెలాఖరుకు ఒకేసారి చూసుకుంటాం. అలాంటిదే.

అయితే ఈ ఉమ్మడి లెక్కను మనిద్దరిలో ఎవరైనా రెండోవారిని అడక్కుండా మూసేయొచ్చు. అప్పుడు మూసినవాళ్ల వాటా కొన్నాళ్లు ఆగుతుంది. పాత లెక్క చూపించారేమోనని రెండోవారు అభ్యంతరం చెప్పుకోవడానికి ఆ గడువు.

ఇక అసలు సంగతి. నేను మూసేశాను.

చూపించింది ఆఖరి లెక్కే. మీ వాటా మీకు చేరింది. ఇంటిఖర్చు పోను నావైపు మిగిలింది గడువు దాటాక నా చేతికొచ్చింది. దాంతో నా కొట్టు పక్కన ఖాళీగా ఉన్న గదికి అడ్వాన్సు ఇచ్చి, మీ వంటకని పెద్ద పొయ్యి పెట్టించాను. కోపంతో కాదు. సరే, కొంచెం కోపంతోనే. ప్రతిసారీ ఇదే ఆఖరంటారు, ప్రతిసారీ ఆ రేవులోనే కొత్త ఒప్పందం మీద సంతకం పెడతారు. డబ్బు చిటికెలో రావడం మొదలయ్యాక మనిషి రావాల్సిన అవసరమే తగ్గిపోయింది. మీరు లేకుండా నాకు బాగాలేదండీ.

గడువంతా మీరు సిగ్నల్ అందని సముద్రంలోనే ఉన్నారని నాకు తెలుసు. అందుకే ఈసారి ఇంకో గడువిస్తున్నాను. గదికి బోర్డు రాయించలేదు. రేవులో ఆ ఒప్పందం కాగితం మీ ముందు పెట్టినప్పుడు కలం జేబులోనే ఉంచండి. నేను చేసినదానికి అభ్యంతరముంటే వచ్చి చెప్పండి. ఉత్తరంలో చెల్లదు.

ఇట్లు,
మీ ఆవిడ