నుదుటి నుంచి దిగిన ముక్కు

మార్చి 3
అమ్మ ముక్కు మీద మచ్చ క్యాన్సరేనట. కోసేస్తే పోయే రకమే, కాకపోతే దాంతో పాటు సగం ముక్కూ పోతుంది. డాక్టరమ్మ ఉపాయం చెప్పింది. నుదుటి చర్మాన్ని బస్సు టికెట్టంత కోసి, మొదలు తెంచకుండా కిందికి తిప్పి ముక్కుకి కుడుతుందట. మూడు వారాలు అలా వేలాడనిచ్చి, అతుక్కున్నాక తెంచుతుందట. అన్నాళ్లూ తొండం ఫ్రీ అన్నమాట అన్నాను. అమ్మ నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు.

అమ్మకి ఎనభై మూడు. ఆ గుండె పూర్తి మత్తు తట్టుకోదు. అంచేత చుట్టూ మొద్దుబారే సూదులు పొడిచి, మెలకువగా ఉండగానే చేస్తారు. కదలకూడదు, మాట్లాడకూడదు. బీపీ బాగా పెరిగితే సగంలో ఆపేస్తారట. సగం ముక్కుతో ఇంటికి రావడమా?

మార్చి 4
అద్దం ముందు నిలబడి నా నుదుటి చర్మం ముక్కు దాకా లాగి చూశాను. రాలేదు. మా ఆవిడ చూసి, ఉన్న బుర్ర కూడా ఊడదీసుకుంటావా అంది.

మార్చి 7
రిహార్సల్. అమ్మని సోఫా మీద పడుకోబెట్టి మొహం మీద దుప్పటి కప్పాను. నొప్పైతే రెండు వేళ్లెత్తాలి, డాక్టరమ్మ చెప్పిన గుర్తు. నాలుగో నిమిషంలో డాక్టరమ్మ గొంతు పెట్టి, అయ్యో తలకిందులుగా కుట్టేశానే అన్నాను. అమ్మ నవ్వి నవ్వి సోఫా మీంచి జారింది. దుప్పటి తీస్తే కళ్లనిండా నీళ్లు. అన్నీ నవ్వు నీళ్లు కావు.

"ఒరేయ్ కోతీ, భయంగా ఉందిరా. నువ్వూ లోపలికి రాకూడదూ?"

మార్చి 8
డాక్టరమ్మ ఒప్పుకుంది. ఒక్క జోకు వేసినా బయటికి గెంటిస్తానంది. అమ్మ నవ్వితే కుట్టు తప్పుతుందట. ఇరవై ఆరేళ్లుగా బస్సు కండక్టర్ని. కస్సుమనే జనాన్ని నవ్వించి టికెట్లు కొట్టినవాణ్ణి. జోకు లేకుండా ఏం మాట్లాడతారు మనుషులు?

మార్చి 10, ఉదయం 9
పచ్చ గౌను, పచ్చ టోపీ తొడిగారు. అద్దంలో క్యాబేజీలా ఉన్నాను. అమ్మకి చెప్పలేదు.

మధ్యాహ్నం 1
అయిపోయింది.

ముందు నోరు మూసుకునే కూర్చున్నాను. అమ్మ ఒంటినిండా గుడ్డ, ముక్కూ నుదురూ, ఒక చెయ్యీ మాత్రం బయట. బీపీ నూట ఎనభై దాటింది. డాక్టరమ్మ చెయ్యి ఆపి, ఏదైనా మాట్లాడండి, నవ్వించకుండా అంది. నాకు స్టాపులే తోచాయి. డిపో, కోర్టు, పెద్ద పోస్టాఫీసు, మిల్లు గేటు... నెమ్మదిగా చెబుతూ పోయాను. బీపీ దిగింది. రూటు చివరిదాకా వెళ్లి మళ్లీ మొదలు. చర్మం మెలి తిప్పుతుంటే దొంగచూపు చూశాను. పాలిపోలేదు, గులాబీ రంగే. రక్తం దారి మళ్లినా దానికి రూటు తెలుసు.

ఆఖరి కుట్ల దగ్గర అమ్మ రెండు వేళ్లెత్తింది. డాక్టరమ్మ ఇంకో సూది పొడిచింది. మళ్లీ రెండు వేళ్లు. ఎక్కడ నొప్పో ఎవరికీ తెలీదు. బీపీ ఎక్కుతోంది. అప్పుడు వెలిగింది నాకు. నోరెండిపోయి వాటర్ ట్యాంకు తర్వాత నేరుగా స్టేషన్ చెప్పేశాను. మధ్యలో మా ఇంటి స్టాపు వదిలేశాను.

"పాత సినిమా హాలు. దిగేవాళ్లు దిగండి" అన్నాను.

వేళ్లు దిగాయి. డాక్టరమ్మ మాస్కు కదిలింది. నవ్విందని నా అనుమానం.

మార్చి 19
వింత. ముక్కు మీద దూదితో తాకితే అమ్మ నుదురు గోక్కుంటోంది. చర్మంతో పాటు నరాలూ వచ్చాయట, ఇల్లు మారిన సంగతి వాటికింకా తెలీదట. కళ్లు మూయించి పదిసార్లు తాకి చూశాను. పదిసార్లూ నుదురే. పదకొండోసారి నా చెయ్యి మీద ఒక్కటేసింది.

మార్చి 30
రేపు తొండం తెంచుతారు. ఇరవై నిమిషాలట, ఒక్క ట్రిప్పు. అమ్మ కళ్లు మూసుకుని పడుకుంది. కొత్త ముక్కు మీద ముద్దు పెట్టాను.

"పోయినవాళ్లకి పెట్టినట్టు నుదుటి మీద ముద్దేంట్రా? నా స్టాపింకా రాలేదు."