తమ్ముడి కంచంలో ముద్ద

మంగళవారం, పీణ్య

ఈ రోజు తమ్ముణ్ణి ఆసుపత్రికి పిల్చుకపోయినా. ఫ్యాక్టరీలో లేత్ మిషన్ తనను తిడతాందని వాడు పని మానేసి రెండు నెలలాయ. స్కిజోఫ్రీనియా అంట. గొంతులు వినబడేదే కాదు, స్నానం చేయకుండా, పలక్కుండా గోడవారన కూర్చునేది కూడా ఆ జబ్బేనని డాక్టరు చెప్పినాడు. సోమరితనమనుకుని వాణ్ణి ఎన్ని మాటలన్నానో.

"అక్క నా అన్నంలో విషం కలుపుతాంది సార్," అన్నాడు వాడు, నా ముందరే.

"జబ్బు అట్ల అనిపిస్తుందమ్మా, వాదించొద్దు," అన్నాడు డాక్టరు.

అయినా మనసు ఆగలేదు. ఇంటికొచ్చినాక వాడి కంచంలోంచే ఒక ముద్ద తిన్నా. "చూడప్పా, నాకేమైనా అయిందా?"

"నీకు విరుగుడు ముందే ఇచ్చింటారులే అక్కా," అన్నాడు మెల్లగా.

అన్నం ముట్టలేదు. రేపట్నుంచి మాత్రలు ఇయ్యాల. నా చేత్తో ఇస్తే మింగుతాడా?