ముక్కు గోకించుకున్న విషయమై సంజాయిషీ

గౌరవనీయులైన డైరెక్టర్ గారికి,

నిన్న తమరిచేత ముక్కు గోకించుకున్నందుకు సంజాయిషీ అడిగారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేము బ్యాటరీ సెల్స్‌లో వాడే లిథియం గాలి తగిలితే నల్లబడిపోతుంది. అందుకని గాలి చొరని అద్దాల పెట్టెలో దాన్ని ఉంచి, పెట్టెకే బిగించిన రబ్బరు తొడుగుల్లోకి చేతులు దూర్చి పనిచేస్తాం. లిథియం రేకును గీకి, వెండిలా మెరవగానే బిళ్లలు కొట్టి సెల్‌లో బిగించెయ్యాలి. ఆలస్యమైతే పెట్టెలో మిగిలే కాసింత గాలికే మెరుపు పోతుంది. ముక్కు సరిగ్గా అప్పుడే దురద పెడుతుంది. కాబట్టి మా గదిలో ఒక ఆనవాయితీ ఉంది. వెనకగా వెళ్లేవాళ్లు ఎవరైనా సరే, అక్కడ వేలాడదీసిన పెన్సిలు రబ్బరుతో ముక్కు గోకి వెళ్లాలి.

చెప్పుల చప్పుడు విని పక్క బల్ల మిత్రుడనుకున్నాను. తల తిప్పకుండానే "ఒరేయ్, కాస్త ముక్కు గోకరా" అన్నాను. తమరు గోకారు. "ఇంకొంచెం ఎడమకి... గట్టిగా గోకి చావు, చేతుల్లో సత్తువ లేదా?" అన్నది కూడా నేనే. తమరి వెనకున్న అతిథులు పకపకా నవ్వాకగానీ గోకుతున్నది తమరని నాకు తెలియలేదు. అప్పటికీ చేతులు పెట్టెలోనే ఉన్నాయి.

పెద్ద మనసుతో క్షమించండి.

చిన్న మనవి. ఈ నెల చేసిన సెల్స్ అన్నీ గుడ్లు తేలేశాయి. నిన్నటిది ఒక్కటే చార్జి నిలుపుకుంది. తమరి హస్తవాసే అని గదంతా అంటోంది. రేపు మళ్లీ పెట్టెలో చేతులు పెడుతున్నాను. తమరు ఒక్కసారి అటుగా వస్తే బాగుంటుంది. పెన్సిలుకి కొత్త రబ్బరు కూడా పెట్టించాం.

తమరి రాకకై ముక్కు చాచి ఎదురుచూసే,
విధేయుడు