నెలాఖరుకి ఖాళీ

జూన్ 6, గురువారం
ఇవాళ చూసిన ఇంట్లో బాత్రూమ్ తలుపు తెరవాలంటే వంటింటి తలుపు మూయాలి. బ్రోకర్ అదేదో ఫెసిలిటీ అన్నట్టు చెప్పాడు. ఒక్కదానివేనా అని ఓనర్ ఎగాదిగా చూశాడు. చిరాకేసి వచ్చేశాను. నెలాఖరుకి ఆఫీసు గెస్ట్‌హౌస్ ఖాళీ చేయాలి. అక్క రోజూ ఫోన్ చేసి ఇల్లు దొరికిందా అంటుంది. దొరికితే చెప్పనా?

జూన్ 10, సోమవారం
మాది లిఫ్టుల సర్వీసు కంపెనీ. నాది కంప్లయింట్ డెస్క్. పని నేర్పేది పక్క సీటు సీనియర్. కొంపలంటుకున్నా గొంతు పెంచరు కాబట్టి తాపీ సార్ అని పేరు పెట్టుకున్నాను.

ఇవాళ ఒకామె లిఫ్టులో ఇరుక్కుని ఏడుస్తూ ఫోన్ చేసింది. మెకానిక్ వచ్చేస్తున్నాడండీ అన్నాను. వాడింకా బయల్దేరనే లేదు. తాపీ సార్ ఫోన్ తీసుకుని, గంట పడుతుందమ్మా, అప్పటిదాకా లైన్లోనే ఉంటాను అన్నారు. ఆమె ఏడుపు ఆపేసింది. లోపల ఇరుక్కున్నవాళ్ళకి మాత్రం అబద్ధం చెప్పకమ్మా, రెండోసారి మన మాట నమ్మరు అని నాతో అన్నారు. సిగ్గేసింది.

జూన్ 13
HR మేడమ్ దేవత. కంపెనీ లీజు ఫ్లాట్ ఒకటి నెలాఖరుకి ఖాళీ అవుతోందట. వెళ్ళి చూసుకో, నీ పేరు రాసేస్తాను అంది. రొట్టె విరిగి నేతిలో పడింది.

జూన్ 15, శనివారం
ఏమీ అర్థం కావట్లేదు.

తలుపు తీసినావిడ చేతుల నిండా పసుపు రంగు పెయింట్. ఫ్లాట్ చూడటానికి వచ్చానంటే, ఏ ఫ్లాట్, మేం ఎక్కడికీ వెళ్ళట్లేదే అంది. అడ్రస్ చూపించాను. అదే. ఇంతలో లోపల్నుంచి బ్రష్ పట్టుకుని వచ్చింది ఎవరయ్యా అంటే తాపీ సార్. నా పని నేర్చుకుంటే చాలదా, నా ఇల్లు కూడా కావాలా అని నవ్వారు. ఆవిడా నవ్వింది. ఎందుకో తెలీకుండా నేనూ నవ్వాను. వాళ్ళ పాప తన గదికి రంగు తనే ఎంచుకుందట, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి గోడ చూపించింది. టీ ఇచ్చి, మళ్ళీ రమ్మన్నారు.

జూన్ 17
HR మేడమ్‌ని అడిగాను. లేచి తలుపు మూసింది. ఆయనకి ఈపాటికి లెటర్ ఇచ్చేసి ఉంటారనుకుందట. ఇవ్వలేదట. ఇరవై ఎనిమిదిన ఇస్తారట. ఉద్యోగంతో పాటే ఫ్లాటూ పోతుంది. తను నోరు జారిందని తెలిస్తే తన ఉద్యోగమూ పోతుందట.

నన్ను తెచ్చింది ఆయన సీటుకి. నేనేమో ఆయనకి సాయానికి అనుకున్నాను. ఆయన ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు.

జూన్ 18
అక్కకి చెప్పాను. నీకెందుకే, ప్రొబేషన్‌లో ఉన్నదానివి, కొరివితో తల గోక్కుంటావా అని తిట్టింది. నోరు మూసుకుని ఇల్లు తీసుకోమంది. ఇంకో ఇల్లూ దొరకలేదు. చెబితే మేడమ్ ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆయన రంగులు వేసుకుంటూ ఉంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ ఫ్లాట్ నాకు బాగా నచ్చింది కూడా. ఛీ.

జూన్ 20
రెండో గోడకి పెయింట్ చాలుతుందంటావా అని తాపీ సార్ నన్నడిగారు. తెలీదు సార్ అన్నాను.

జూన్ 21, మధ్యాహ్నం
లిఫ్టులోంచి ఒక పెద్దాయన. ఎంతసేపమ్మా అన్నాడు. నలభై నిమిషాలు అన్నాను. ఫోన్ పెట్టేశాక కుర్చీ తిప్పి తాపీ సార్‌కి మొత్తం చెప్పేశాను.

లెటర్ ఎప్పుడిస్తారట అన్నారు ఆయన. ఇరవై ఎనిమిది అన్నాను. ఎవరు చెప్పారని అడగలేదు. ఆ పెద్దాయన ఇంకా లోపలే ఉన్నాడు కదా, మళ్ళీ ఫోన్ చేసి మాట్లాడమ్మా అన్నారు.

చేశాను. ఏం మాట్లాడానో గుర్తులేదు.

జూన్ 30
తాపీ సార్ వాళ్ళావిడే ఇల్లంతా తిప్పి చూపించింది. గీజర్ స్విచ్ రెండుసార్లు నొక్కాలట. పాప గదిలో ఒక గోడ పసుపు, మిగతావి తెలుపు. మిగిలిన పెయింట్ డబ్బా వంటింట్లో పెట్టాను, వేసుకోండి అంది.

ఇల్లు దొరికింది. అక్కకి ఇంకా చెప్పలేదు.